పాఠం 17: ఆటగాడి జీతం, ఆటగాడి బదిలీ

17.1 పరిచయం

కిందటి పాఠంలో ఇంటి అద్దె, కూలి, జీతం వంటి విషయాల్లో రాతపూర్వక ఒప్పందం ఎందుకు అవసరమో చదివారు. ఈ పాఠంలో అదే విషయాన్ని ఫుట్‌బాల్ మైదానంలో చూద్దాం.

ఢిల్లీలో ఉండేవారికి ఢిల్లీ గేటు దగ్గరి అంబేద్కర్ స్టేడియం తెలిసే ఉంటుంది. డ్యూరాండ్ కప్ పోటీలు చాలా ఏళ్లు అక్కడ జరిగాయి. మెట్ల మీద కూర్చుని చూసేవారికి బంతి, గోలు, గెలుపు కనిపిస్తాయి. ఆటగాడికి ఈ నెల జీతం అందిందా లేదా అనేది మాత్రం కనిపించదు. అతడు వచ్చే ఏడాది ఏ క్లబ్బుకు ఆడాలో ఎవరు నిర్ణయిస్తారనేదీ కనిపించదు. ఈ పాఠం ఆ కనిపించని విషయాల గురించి.

"ఆటగాళ్ల సంగతి నాకెందుకు?" అని మీకు అనిపించవచ్చు. నోయిడాలోనో గురుగ్రామ్‌లోనో పనిచేస్తూ, రెండు నెలల జీతం ఆగిపోతే ఏం చేయాలో తోచక కూర్చున్నవారు మన చదువరుల్లో ఉన్నారు. వారికి ఈ పాఠం కొత్తగా అనిపించదు.

ఈ పాఠం చదివాక మీరు ఒప్పందం, రిజిస్ట్రేషన్, బదిలీ రుసుము అనే మాటల మధ్య తేడా చెప్పగలుగుతారు. జీతం బకాయి గురించి ఒక లేఖ రాయగలుగుతారు. ఢిల్లీలో నడిచిన ఒక బదిలీ వివాదాన్ని మీ మాటల్లో వివరించగలుగుతారు.

17.2 ఉద్యోగమే జీతంగా ఉన్న రోజులు

మన దేశంలో ఫుట్‌బాల్ ఆడినందుకే జీతం ఇచ్చే పద్ధతి ఆలస్యంగా వచ్చింది. అంతకు ముందు ఆటగాడికి ఉద్యోగం ఉండేది. రైల్వే, పోలీసు, సైన్యం, బ్యాంకు - వీటిలో ఏదో ఒకటి. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఇందుకు మంచి ఉదాహరణ. సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో ఆ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచింది. 1950లోను, 1954లోను డ్యూరాండ్ కప్ కూడా గెలిచింది. రహీం శిక్షకుడుగా ఉన్న భారత జట్టు 1956 ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 1962 ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చింది.

ఆ పద్ధతిలో ఒక ధైర్యం ఉంది. మోకాలు దెబ్బతిన్నా ఉద్యోగం ఉంటుంది. నెల తిరిగితే జీతం వస్తుంది. అయితే ఆట ఎంత బాగున్నా జీతం ఆ ఉద్యోగ స్థాయిని బట్టే ఉంటుంది. నేడు పెద్ద లీగులో ఆడేవారి సంగతి వేరు. వారికి ఆటే ఉద్యోగం. జీతం ఎక్కువ, భద్రత తక్కువ. ఒప్పందం ముగిసిన మరునాడు ఆ ఆటగాడు నిరుద్యోగి.

17.3 అమ్మేది మనిషిని కాదు

"ఫలానా ఆటగాణ్ణి ఇన్ని కోట్లకు కొన్నారు" అని పత్రికల్లో చదువుతాం. ఈ మాట సరైనది కాదు. మనిషిని ఎవరూ కొనలేరు. మరి డబ్బు దేనికి చేతులు మారుతుంది?

ఆటగాడు క్లబ్బుతో ఒక ఒప్పందం చేసుకుంటాడు. ఎంత కాలం, ఎంత జీతం, ఏ తేదీన చెల్లింపు అనేవి అందులో ఉంటాయి. ఆ క్లబ్బు అతడి పేరును దేశ ఫుట్‌బాల్ సమాఖ్య దగ్గర నమోదు చేయిస్తుంది. దీన్నే రిజిస్ట్రేషన్ అంటారు. పేరు ఏ క్లబ్బు కింద నమోదై ఉంటే ఆ క్లబ్బుకే ఆడాలి. ఒప్పందం గడువు ముగియకముందే మరో క్లబ్బు అతణ్ణి కోరుకుంటే, పాత క్లబ్బు ఆ ఒప్పందాన్ని వదులుకోవాలి. వదులుకున్నందుకు పుచ్చుకునే మొత్తమే బదిలీ రుసుము. ఆటగాడి సంతకం లేనిదే బదిలీ జరగదు.

మరి గడువు ముగిశాక? ఇప్పుడు దీనికి జవాబు సులభం. ఒకప్పుడు కాదు. బెల్జియంలో జాన్ మార్క్ బోస్మాన్ అనే ఆటగాడు లీజ్ నగరపు క్లబ్బులో ఆడేవాడు. 1990లో అతడి ఒప్పందం ముగిసింది. పాత క్లబ్బు కొత్త ఒప్పందం ఇస్తానంది గాని, జీతాన్ని బాగా తగ్గించింది. ఫ్రాన్స్‌లో డంకర్క్ క్లబ్బు అతణ్ణి తీసుకుంటానంది. పాత క్లబ్బు అందుకు రుసుము అడిగింది. కాగితం ముగిసినా కట్టు తెగలేదన్నమాట! బోస్మాన్ కోర్టుకు వెళ్లాడు. 1995 డిసెంబరు 15న యూరోపు న్యాయస్థానం తీర్పు చెప్పింది. యూరోపియన్ యూనియన్ దేశాల పౌరులైన ఆటగాళ్లు, ఒప్పందం ముగిశాక అక్కడి మరో దేశపు క్లబ్బుకు వెళ్తుంటే పాత క్లబ్బు రుసుము అడగరాదన్నది. ఐదేళ్ల పోరాటంలో బోస్మాన్ ఆడే వయసు కరిగిపోయింది. ఆ తీర్పు ఫలం ఎక్కువగా తర్వాతి తరం వారికే దక్కింది.

పాఠ్యాంశ ప్రశ్నలు 17.1

1. బదిలీ రుసుము దేనికి చెల్లిస్తారు?
2. 1956లో భారత ఒలింపిక్ ఫుట్‌బాల్ జట్టు శిక్షకుడు ఎవరు?

17.4 జీతం ఆగిపోతే

ఇప్పుడు మన ఊరి కథకు వద్దాం. 2019లో పుణె క్లబ్బు మూతపడింది. దాని స్థానంలో హైదరాబాద్ ఎఫ్.సి. ఏర్పడి ఇండియన్ సూపర్ లీగులోకి వచ్చింది. గచ్చిబౌలి స్టేడియం దాని మైదానం. మూడో సీజన్‌లోనే, 2022 మార్చి 20న గోవాలో జరిగిన ఫైనల్లో కేరళ జట్టును పెనాల్టీల్లో ఓడించి ట్రోఫీ గెలిచింది. గోల్ కీపర్ కట్టిమణి ఆ రోజు మూడు పెనాల్టీలు ఆపాడు. తరువాతి సీజన్‌లో లీగు పట్టికలో రెండో స్థానం వచ్చింది.

ఆ తరువాత డబ్బు ఇబ్బంది మొదలైంది. 2023-24 సీజన్‌లో ఆటగాళ్లకు, సిబ్బందికి జీతాలు బకాయి పడ్డాయి. కొత్తవారిని నమోదు చేసుకోకుండా క్లబ్బుపై నిషేధం వచ్చింది. పేరున్న ఆటగాళ్లు చాలామంది సీజన్ మధ్యలోనే వెళ్లిపోయారు. మిగిలిన కుర్రవాళ్లతో ఆడిన జట్టు 22 మ్యాచుల్లో ఒక్కటే గెలిచి, 8 పాయింట్లతో అట్టడుగున నిలిచింది. రెండేళ్ల క్రితం ట్రోఫీ ఎత్తిన జట్టు ఇదే. 2024లో యాజమాన్యం మారింది. 2025 అక్టోబరులో ఆ క్లబ్బే ఢిల్లీకి తరలి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. ఢిల్లీ వాళ్లకూ ఇలాంటి అనుభవం ఉంది. 2014లో మొదలైన ఢిల్లీ డైనమోస్ 2019లో భువనేశ్వర్‌కు తరలి ఒడిశా ఎఫ్.సి. అయింది. క్లబ్బులకు కూడా బదిలీలు ఉంటాయి, కాని వాటికి అభిమాని సంతకం అడగరు.

జీతం అందని ఆటగాడు ఏం చేయాలి? ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫీఫా 2018లో తన నిబంధనల్లో 14 బిస్ అనే అంశాన్ని చేర్చింది. క్లబ్బు కనీసం రెండు నెలల జీతం గడువు తేదీకి చెల్లించకపోతే, ఆటగాడు ముందుగా రాతపూర్వకంగా తెలియజేయాలి. బకాయి తీర్చడానికి కనీసం 15 రోజుల గడువు ఇవ్వాలి. అప్పటికీ చెల్లించకపోతే ఒప్పందాన్ని రద్దు చేసుకోవచ్చు. దీన్ని న్యాయమైన కారణంతో రద్దు అంటారు. ఆ క్రమం పాటించకుండా అలిగి వెళ్లిపోతే, జీతం రానివాడే తప్పు చేసినవాడవుతాడు. ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు.

తగవు ఎక్కడికి తీసుకువెళ్లాలి? విదేశీ ఆటగాడికీ మన క్లబ్బుకూ మధ్య తగవైతే ఫీఫాకు వెళ్లవచ్చు. ఇద్దరూ ఈ దేశం వారే అయితే అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్యలోని ప్లేయర్స్ స్టేటస్ కమిటీకి వెళ్లాలి. సమాఖ్య కార్యాలయం ఢిల్లీ ద్వారకాలో, సెక్టారు 19లోని ఫుట్‌బాల్ హౌస్. అయితే ముందుగా తన ఒప్పందంలో, దేశ సమాఖ్య నిబంధనల్లో ఏం రాసి ఉందో చూసుకోవాలి.

లేఖ ఎలా ఉండాలో కింద చూడండి.

నమూనా లేఖ

తేదీ: ............
కార్యదర్శి గారికి,
............ ఫుట్‌బాల్ క్లబ్బు, న్యూఢిల్లీ.

విషయం: జీతం బకాయి చెల్లింపు గురించి.

ఆర్యా,
............ తేదీన మన మధ్య కుదిరిన ఒప్పందం ప్రకారం నాకు ప్రతి నెల చివరి తేదీన ............ రూపాయలు చెల్లించవలసి ఉంది. ............, ............ నెలల జీతం గడువు తేదీలకు నాకు అందలేదు. మొత్తం బకాయి ............ రూపాయలు. ఈ లేఖ అందిన నాటి నుండి 15 రోజులలోగా ఆ మొత్తాన్ని నా బ్యాంకు ఖాతాలో జమ చేయవలసిందిగా కోరుతున్నాను. చెల్లించని పక్షంలో ఒప్పందాన్ని న్యాయమైన కారణంతో రద్దు చేసుకునే హక్కును వినియోగించుకుంటానని తెలియజేస్తున్నాను.

ఇట్లు,
(సంతకం)

ఈ లేఖను మళ్లీ ఒకసారి చదవండి. ఇందులో ఏం లేదో గమనించండి. కోచ్ తిట్టాడని లేదు. ఇంట్లో అమ్మకు ఒంట్లో బాగాలేదని లేదు. అవి నిజమే కావచ్చు, బాధ కలిగించేవే కావచ్చు. కాని తగవు తీర్చేవారికి కావలసినవి నాలుగే: తేదీ, నెలలు, మొత్తం, గడువు. లేఖ ప్రతి ఒకటి మీ దగ్గర ఉంచుకోవాలి. అందినట్లు రుజువు ఉండాలి. పోస్టు రసీదును బియ్యం డబ్బాలో దాచుకున్నా సరే, పారేయకూడదు.

2025లో ఈ సమస్య ఒక్క క్లబ్బుతో ఆగలేదు. లీగు వాణిజ్య హక్కుల గురించి సమాఖ్యకూ నిర్వాహక సంస్థకూ మధ్య ఉన్న ఒప్పందం ఆ ఏడాది డిసెంబరు 8తో ముగియవలసి ఉండేది. కొత్త ఒప్పందం కుదరలేదు. జూలైలో నిర్వాహకులు సీజన్‌ను నిలిపివేశారు. ఆగస్టులో బెంగళూరు ఎఫ్.సి. తన మొదటి జట్టు ఆటగాళ్ల, సిబ్బంది జీతాలను నిరవధికంగా ఆపుతున్నట్లు ప్రకటించింది. పైనున్న రెండు సంస్థల మధ్య కాగితం ముగిసిపోతే, ఆ దెబ్బ కింద బట్టలు ఉతికే సిబ్బంది దాకా వచ్చింది.

పాఠ్యాంశ ప్రశ్నలు 17.2

1. ఒక ఆటగాడి జీతం నెలకు 40,000 రూపాయలు. ప్రతి నెల చివరి తేదీన చెల్లించాలి. సెప్టెంబరు, అక్టోబరు జీతాలు రాలేదు. నవంబరు 20న అతడి లేఖ క్లబ్బుకు అందింది. బకాయి ఎంత? కనీసం ఏ తేదీ వరకు అతడు వేచి ఉండాలి?

17.5 అన్వర్ అలీ వివాదం

పై కథలో క్లబ్బు మాట తప్పింది. ఇప్పుడు చెప్పబోయే కథలో ఎవరు తప్పారన్నదే తగవు.

అన్వర్ అలీ పంజాబ్ కుర్రవాడు. 2000లో పుట్టాడు. రక్షణ వరుసలో ఆడతాడు. 2019లో అతడికి గుండె కండరం మందమయ్యే జబ్బు ఉన్నట్లు వైద్య పరీక్షలో తేలింది. 2020లో సమాఖ్య అతణ్ణి ఆడవద్దంది. అతడు ఢిల్లీ హైకోర్టుకు వెళ్లాడు. ఆ తరువాత మళ్లీ ఆడడానికి అనుమతి వచ్చింది. ఢిల్లీ ఎఫ్.సి. అనే క్లబ్బు అతణ్ణి చేర్చుకుంది. భారత జట్టులోకి కూడా వచ్చాడు. ఆట తప్ప మరో ఆధారం లేనివాడికి "ఆడవద్దు" అనే మాట ఎలా ఉంటుందో మీరు ఊహించుకోగలరు.

2023లో ఢిల్లీ ఎఫ్.సి. అతణ్ణి నాలుగేళ్లకు కోల్‌కతాలోని మోహన్ బగాన్‌కు లోన్ పద్ధతిలో పంపింది. లోన్ అంటే ఏమిటి? ప్రభుత్వ ఉద్యోగులకు డెప్యుటేషన్ ఉంటుంది కదా! మాతృశాఖ ఒకటి, పనిచేసే చోటు మరొకటి. ఇదీ అలాంటిదే. మాతృక్లబ్బు ఢిల్లీది, ఆడే క్లబ్బు కోల్‌కతాది.

ఒక సీజన్ గడిచింది. 2024 వేసవిలో అన్వర్ ఆ ఒప్పందాన్ని రద్దు చేసుకున్నాడు. ఆగస్టులో ఈస్ట్ బెంగాల్‌తో కొత్త ఒప్పందం మీద సంతకం చేశాడు. ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్‌లకు వందేళ్ల వైరం. ఒక జట్టు చొక్కా విప్పి మరో జట్టు చొక్కా తొడుక్కోవడమంటే కోల్‌కతాలో చిన్న విషయం కాదు. మోహన్ బగాన్ సమాఖ్యకు ఫిర్యాదు చేసింది. ఒక లోన్ ఒప్పందం ఏడాదికి మించరాదని ఫీఫా 2022లో తెచ్చిన నియమం కూడా ఈ వివాదంలో చర్చకు వచ్చింది.

2024 సెప్టెంబరు 10న ఢిల్లీలోని కమిటీ నిర్ణయం వెలువడింది. సరైన కారణం లేకుండా అన్వర్ ఒప్పందం రద్దు చేసుకున్నాడని అన్నది. అతణ్ణి నాలుగు నెలలు ఆటకు దూరంగా ఉంచింది. అన్వర్, ఈస్ట్ బెంగాల్, ఢిల్లీ ఎఫ్.సి. కలిసి మోహన్ బగాన్‌కు 12 కోట్ల 90 లక్షల రూపాయల పరిహారం చెల్లించాలన్నది. ఆ రెండు క్లబ్బులు రెండు బదిలీ కాలాల్లో కొత్త ఆటగాళ్లను నమోదు చేసుకోరాదన్నది.

నాలుగు నెలలు అనే లెక్క ఎక్కడిది? ఫీఫా నిబంధనల్లో రక్షిత కాలం అనేది ఒకటి ఉంది. 28 ఏళ్లు నిండకముందు సంతకం చేసిన ఒప్పందానికి మూడు సీజన్లు లేదా మూడేళ్లు, ఏది ముందైతే అది రక్షిత కాలం. 28 దాటాక సంతకం చేస్తే రెండు. ఆ కాలంలో కారణం లేకుండా ఒప్పందం తెంచుకున్న ఆటగాడికి సాధారణంగా నాలుగు నెలల నిషేధం ఉంటుంది. తెంచుకునేలా పురికొల్పిన క్లబ్బుకు రెండు బదిలీ కాలాల నిషేధం.

కథ ఇక్కడ ముగియలేదు. అన్వర్, రెండు క్లబ్బులు ఢిల్లీ హైకోర్టుకు వెళ్లారు. మూడు రోజులకే, సెప్టెంబరు 13న, సమాఖ్య తన ఉత్తర్వును వెనక్కి తీసుకుని అందరి వాదనలు మళ్లీ వింటానని కోర్టుకు చెప్పింది. కోర్టు ఆ ఉత్తర్వును పక్కన పెట్టింది. అన్వర్ ఆ సీజన్‌లో ఈస్ట్ బెంగాల్‌కు ఆడాడు.

ఇందులో ఎవరిది న్యాయం? మోహన్ బగాన్ వైపు నుండి చూస్తే, నాలుగేళ్లకు కుదిరిన మాట ఏడాదికే చెదిరింది. అన్వర్ వైపు నుండి చూస్తే, ఆటగాడి వయసు కొద్ది, జబ్బు భయం వేరే, మంచి అవకాశం మళ్లీ రాకపోవచ్చు. మాకు తోచినది ఒకటి చెబుతాం. 12 కోట్ల 90 లక్షలు అనే అంకె ఎలా వచ్చిందో తెలియకపోతే, గెలిచినవాడికీ ఓడినవాడికీ కూడా అది న్యాయంగా కనిపించదు. యూరోపులోనూ ఇదే ప్రశ్న లేచింది. లసానా దియారా అనే ఫ్రెంచి ఆటగాడి కేసులో 2024 అక్టోబరు 4న అక్కడి న్యాయస్థానం, ఒప్పందం తెంచుకున్న ఆటగాడిపైనా అతణ్ణి తీసుకున్న కొత్త క్లబ్బుపైనా భారం మోపే ఫీఫా నియమాలు కొన్ని యూరోపు చట్టానికి విరుద్ధమని చెప్పింది. ఫీఫా ఆ నియమాలను సవరించవలసి వచ్చింది.

17.6 కళాశాల ఆటగాడు

ఢిల్లీ విశ్వవిద్యాలయంలో క్రీడల కోటా ఉంది. ఆటలో సర్టిఫికెట్లు, ఎంపిక పరీక్షలో ప్రతిభ చూసి సీటు ఇస్తారు. ఆడినందుకు జీతం ఉండదు. సీటే ప్రతిఫలం అనుకోవాలి. కాబట్టి జీతాల తగవులూ కళాశాల మైదానాల్లో వినిపించవు.

అమెరికాలో అలా కాదు. అక్కడ ఫుట్‌బాల్ అంటే మన ఫుట్‌బాల్ కాదు, కోడిగుడ్డు ఆకారపు బంతిని చేతపట్టుకుని పరుగెత్తే ఆట. కళాశాలల మధ్య మ్యాచులకే లక్షమంది వస్తారు. టిక్కెట్లు, టెలివిజన్ ద్వారా వచ్చే డబ్బు కళాశాలలకు, కోచ్‌లకు చేరేది. ఆటగాడికి ఉపకారవేతనం, భోజనం, వసతి దక్కేవి. 2021 జూలై నుండి తన పేరు, బొమ్మ వాడుకున్నందుకు డబ్బు తీసుకోవచ్చన్నారు. 2025 జూన్ 6న కోర్టు ఆమోదించిన రాజీ ప్రకారం, 2025-26లో ఒక్కో విశ్వవిద్యాలయం తన ఆటగాళ్లందరికీ కలిపి సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్ల వరకు నేరుగా పంచవచ్చు. కళాశాల మారడమూ సులువైంది. వెనుక మారినవాడు సాధారణంగా ఒక ఏడాది ఆడకుండా కూర్చోవాలి. 2024 నుండి చదువులో అర్హత ఉంటే ఎన్నిసార్లయినా మారవచ్చు.

డబ్బు వచ్చింది, వెంట తగవూ వచ్చింది. 2024 సెప్టెంబరులో లాస్ వేగస్‌లోని నెవాడా విశ్వవిద్యాలయ జట్టు మొదటి మూడు మ్యాచులూ గెలిచింది. అంతలో ముఖ్య ఆటగాడు మాథ్యూ స్లూకా జట్టు వదిలి వెళ్లిపోయాడు. ఒక సహాయ శిక్షకుడు లక్ష డాలర్లు ఇస్తానని నోటిమాటగా చెప్పాడని, ఆ డబ్బు రాలేదని అతడి ప్రతినిధి అన్నాడు. అది నిబంధనలకు లోబడిన ఒప్పందం కాదని విశ్వవిద్యాలయం అన్నది. ఏ గదిలో ఎవరు ఏమన్నారో ఎవరు తేలుస్తారు?

మీ ఇంటి పక్క కుర్రవాడు ఎవరైనా ఢిల్లీలో చిన్న క్లబ్బుకు ఆడుతున్నాడనుకోండి. "నెలకు ఇంత ఇస్తాం బాబూ, ముందు వచ్చి ఆడు" అని చెప్పారట. అతడు మీ దగ్గరికి వచ్చి సలహా అడిగితే, ఏ నాలుగు విషయాలు కాగితం మీద రాయించుకోమంటారు? జవాబు ఈ పుస్తకంలో లేదు. మీ నోటుపుస్తకంలో రాయండి, వ్యక్తిగత తరగతికి వచ్చినప్పుడు మీ ఉపాధ్యాయునికి చూపండి.

పాఠాంత ప్రశ్నలు

1. హైదరాబాద్ సిటీ పోలీస్ ఆటగాడికీ హైదరాబాద్ ఎఫ్.సి. ఆటగాడికీ జీతం విషయంలో తేడా ఏమిటి? పది వాక్యాలలో రాయండి.
2. మీరు మోహన్ బగాన్ తరఫున ఒకసారి, అన్వర్ అలీ తరఫున ఒకసారి వాదిస్తున్నట్లు ఊహించుకుని చెరొక ఐదు వాక్యాలు రాయండి.
3. నమూనా లేఖలోని ఖాళీలను మీకు తెలిసిన ఏదైనా ఉద్యోగానికి తగినట్లు మార్చి పూరించండి.

పాఠ్యాంశ ప్రశ్నలకు జవాబులు

17.1
1. ఆటగాడితో ఇంకా గడువు ఉన్న ఒప్పందాన్ని పాత క్లబ్బు వదులుకున్నందుకు.
2. సయ్యద్ అబ్దుల్ రహీం.

17.2
1. బకాయి 80,000 రూపాయలు. కనీసం డిసెంబరు 5 వరకు వేచి ఉండాలి.